పాతదనానికి పూత

చిలకలపూడి నగల గురించి బందరు ఆడవాళ్ళకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. లోపల రాగి, పైన పూత. అమ్మిన మనిషికీ తెలుసు, కొన్న మనిషికీ తెలుసు, పెళ్ళిపందిట్లో పక్కన కూర్చుని మెడకేసి ఓరగా చూసే మనిషికి మరీ బాగా తెలుసు. "చిలకలపూడిదా, తాకట్టు విడిపించిందా?" అని నవ్వుతూ అడిగినా ఎవరూ నొచ్చుకోరు. ఎందుకంటారా? ఆ గొలుసు తాను బంగారాన్నని ఎన్నడూ ప్రమాణం చెయ్యలేదు. బంగారంలా ఉంటానంది, అంతే. అలా ఉండటానికీ, అదే నేనని చెప్పుకోవటానికీ మధ్య వెంట్రుకవాసి తేడా ఉంది. ఆ కాస్త తేడాలో బోలెడు నీతి ఇమిడి ఉందని నాకు ఈమధ్యే అనిపించింది. అనిపించింది నగల దుకాణంలో కాదు, వీడియోగేము దగ్గర!

నవ్వకండి. మా అక్కయ్య మనవడొకడు హైదరాబాదులో ఉంటాడు. ఇంజనీరింగు చదివాడు, ఉద్యోగం చేస్తున్నాడు, ఆ రెండూ చాలక రాత్రిళ్ళు కూర్చుని సంగీతం కడుతున్నాడు. సినిమాలకి అనుకునేరు, కాదు. వీడియోగేములకి. ఆటకి సంగీతం ఏవిట్రా, మా రోజుల్లో అష్టాచెమ్మాకి గవ్వల చప్పుడు తప్ప ఇంకేముండేది అన్నాను. "సంగీతం లేకపోతే ఎవరూ ఆడరు చిన్నమ్మమ్మా" అన్నాడు. సంక్రాంతికి బందరు వచ్చినప్పుడు నా చెవులకి రెండు డిప్పలు తగిలించి తను కట్టింది వినిపించాడు.

ఆట కథ మన వైపుదే. దివిసీమ లంకల్లో ఒక చిన్నపిల్ల తప్పిపోయిన గేదెను వెతుక్కుంటూ పడవలెక్కి, కాలవగట్లు పట్టుకుని, బందరు మీదుగా గుడివాడ దాకా పోతుంది. కాలం 1970ల నాటిదట. కాబట్టి సంగీతం కూడా 'పాతగా' ఉండాలని ఆట తయారుచేసేవాళ్ళ కోరిక. ఈ కోరికకి వాళ్ళు పెట్టుకున్న పేరు రెట్రో. ఇవాళ పుట్టిన బిడ్డకి నెరిసిన జుట్టు కావాలనటంలాంటిదే కదా ఇది అని నాకు మొదట చిరాకు వేసిన మాట నిజం. కానీ వాడు ఓపిగ్గా విడమరిచి చెప్పాక సంగతి అంత తేలికది కాదని బోధపడింది.

ఈ పాతదనం రెండు రకాలట. మొదటిది ఆటల పాతదనం. 1983లో జపానులో నింటెండో కంపెనీవారు ఫామికామ్ అనే ఆట యంత్రాన్ని అమ్మకానికి పెట్టారు. శబ్దం చెయ్యటానికి అందులో ఉన్నవి అయిదే గొంతులు. రెండు జాతర బూరల్లాగా పీపీమనేవి, ఒకటి కాస్త మెత్తగా కింది స్థాయిలో పలికేది, ఒకటి ఉత్త బుస్సుమనే చప్పుడు, ఆఖరిది ముందే పట్టి ఉంచిన చిన్న చిన్న ధ్వనుల్ని నాసిగా వినిపించేది. ఆ బుస్సుమనేదాన్నే మద్దెలగా, తాళంగా వాడుకునేవారు. 1985లో సూపర్ మారియో అనే ఆటకి కోజీ కోండో అనే ఆయన సంగీతం కట్టింది ఈ గొంతులతోనే. మీ ఇళ్ళల్లో పిల్లలున్నవాళ్ళు ఆ బాణీ వినే ఉంటారు. ఆ ఆట మొత్తం, బొమ్మలూ పాటలూ అన్నీ కలిపి 40 కిలోబైట్లు. ఇవాళ మనం ఫోనుతో ఆవకాయ జాడీని ఫొటో తీస్తే అది దానికి వంద రెట్లుంటుంది.

ఒక్కో గొంతూ ఒకసారికి ఒకే స్వరం పలుకుతుంది. మూడు స్వరాలు కలిపి మోగించాలంటే గొంతులు చాలవు. అప్పుడేం చేసేవారంటే, ఆ మూడింటినీ ఒకదాని వెనక ఒకటి రెప్పపాటులో గిరగిరా తిప్పేవారు. చెవి మోసపోయి మూడూ కలిసి మోగాయనుకునేది. పంక్తిలో వడ్డించే మనిషి ఒక్కతే అయినా పప్పూ నెయ్యీ కూరా అందరి విస్తళ్ళలోకీ ఒక్కసారే వచ్చాయనిపించే ఇల్లాళ్ళు లేరూ, అలాగన్నమాట. ఇంకో తమాషా ఉంది. ఆటలో బొమ్మ గెంతితే ఆ గెంతిన చప్పుడుకీ ఒక గొంతు కావాలి కదా. దాన్ని పాటలోంచే లాక్కోవాలి. ఆ క్షణంలో పాటకి ఒక గొంతు తక్కువ. భజనలో కూర్చున్న తల్లి లోపల చంటిపిల్ల ఏడిస్తే లేచి వెళ్ళి జోకొట్టి వచ్చి మళ్ళీ అదే చరణం అందుకుంటుందే, అలా. విన్నవాడికి లోటు తెలియకుండా కట్టటంలోనే ఉంది ప్రజ్ఞంతా.

ఇప్పుడు యంత్రాలకి గొంతుల కరువు లేదు. అయినా 2014లో షవల్ నైట్ అనే ఆటకి జేక్ కాఫ్‌మన్ అనే అమెరికా ఆయన ఆ పాత యంత్రం లెక్కలోనే, దానికి ఆ రోజుల్లో జపానులో తగిలించిన మరో మూడు గొంతులు మాత్రం కలుపుకుని, పాటలు కట్టాడట. 2017లో కప్‌హెడ్ అని ఇంకొకటి వచ్చింది. బొమ్మలన్నీ 1930ల కార్టూన్ల ఫక్కీలో ఉంటాయి. దానికి క్రిస్టఫర్ మాడిగన్ అనే ఆయన నిజం వాద్యగాళ్ళని కూర్చోబెట్టి ఆనాటి జాజ్ ధోరణిలో వాయింపించాడు.

ఇదంతా నాకు నచ్చింది. ఇంట్లో తిండి లేక పస్తుండటం వేరు, అన్నీ ఉండి ఏకాదశి ఉపవాసం ఉండటం వేరు. కలిగినవాడు కావాలని కట్టుకున్న కట్టులో ఒక మర్యాద ఉంది. పాతవాళ్ళు ఎంత ఇరుకులో ఎంత పని చేశారో తన చేతులతో తాను తెలుసుకోవటం అది. మా వాడు కూడా ఈ ఆటకి అయిదు గొంతులు దాటనని పట్టుపట్టి కూర్చున్నాడు. హార్మోనియం ఛాయ ఒకదానిలో, సన్నాయి ఛాయ ఒకదానిలో తెప్పించాడు. పడవ సాగుతుంటే గెడ పడ్డప్పుడల్లా పాటలోంచి ఒక గొంతు తప్పుకుని మళ్ళీ వచ్చి కలుస్తుంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ముచ్చటేసింది.

పేచీ వచ్చింది రెండో రకం దగ్గర. అది మన పాతదనం, అంటే రేడియోల నాటిది. పాట కింద సన్నగా ఒక గరగర, మధ్య మధ్య చిటపటలు వినిపిస్తున్నాయి. డిప్పలు పాడయ్యాయేమో చూడమన్నాను. "లేదు చిన్నమ్మమ్మా, కావాలనే పెట్టాను. డబ్బులిచ్చి కొన్నాను" అన్నాడు. గీతలు పడ్డ రికార్డు చప్పుడూ, స్టేషను చిక్కని రేడియో గరగరా ఇప్పుడు విడిగా అమ్ముతారట! కొనేవాళ్ళుంటే లోకంలో అమ్మకానికి రానిదేమీ లేదు కాబోలు.

నాకు బొత్తిగా మింగుడు పడలేదు. మా చిన్నప్పుడు పక్కింట్లో గ్రామఫోనుండేది. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులు, ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర. ఘంటసాల పాడిన పుష్పవిలాపం మొదటి వైపు అయిపోయేసరికి మా కళ్ళల్లో నీళ్ళుండేవి. పక్కింటి పిన్నిగారు కొంగుతో కళ్ళొత్తుకుంటూ రికార్డు తిరగేసేవారు. తిరగేసే ముందు మెత్తటి గుడ్డతో ఎంత పదిలంగా తుడిచేవారనుకున్నారు! ముల్లు అరిగితే కొత్తది వేసేవారు. పిల్లల్ని పక్కకి కూడా రానిచ్చేవారు కాదు. ఇంత జాగ్రత్తా ఎందుకు? ఆ గరగర రాకూడదని. ఘంటసాలకీ మాకూ మధ్య అడ్డం వచ్చిన పీడ అది. దాన్నిప్పుడు డబ్బిచ్చి తెచ్చి పాటకి బొట్టులా పెడుతున్నాడు వీడు.

1957 నాటి మాయాబజారుకి 2010లో రంగులద్ది, శబ్దాన్ని కూడా కొత్త పద్ధతికి మార్చి విడుదల చేశారు గుర్తుందా? పాతదాన్ని కొత్తగా వినిపించాలని ఒకరి పాటు, కొత్తదాన్ని పాతగా వినిపించాలని ఇంకొకరి పాటు. ఇద్దరూ ఎదురుపడితే ఏం మాట్లాడుకుంటారో!

గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల, తండ్రి తరంగాలు పాడుతుంటే చిన్నతనంలో ఆడినవాడు. సంగీతం నేర్చుకోవటానికి విజయనగరం వెళ్ళి, గడవక మధూకరం ఎత్తుకుని చదువుకున్నాడు. ఆయన మీద గౌరవం ఉన్నవాళ్ళు సాధన చేస్తారు గానీ భుజాన జోలె తగిలించుకుని తిరగరు కదా. ఇరుకైన సామగ్రితో పని చెయ్యటం ఆయన విద్య. గరగర ఆయన కష్టం. విద్య తీసుకో, కష్టాన్ని నగగా చేసి పెట్టుకోకు అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

వాడు చిన్నబుచ్చుకోలేదు. ఈ కాలం పిల్లల్లో నాకు నచ్చేది అదే, అన్నదానికి జవాబు చెబుతారు. "నీకు ఆ పాటలన్నీ గరగరతో సహా విన్న జ్ఞాపకం ఉంది చిన్నమ్మమ్మా. నాకు ఆ కాలమే లేదు. పాట పాతదని వినేవాడికి ఏ గుర్తుతో చెప్పను? నేనేమీ ఇది 1970లో పట్టిన రికార్డని అబద్ధం చెప్పటం లేదే" అన్నాడు.

నిజమే. అబద్ధం లేదు. చిలకలపూడి గొలుసే ఇది. ఆ లెక్కన వాడి మీద నేరం నిలవదు. కానీ గుర్తు లేకపోతే పాతదనం తెలియదన్నాడే, దానికి మాత్రం నేను ఒప్పుకోను. మాయాబజారే చూడండి. ద్వాపరయుగం కథ. ద్వారకలో ఏ వాద్యాలు మోగేవో ఎవరికి తెలుసు? సాలూరి రాజేశ్వరరావు కట్టిన కొన్ని బాణీలూ, మిగిలినవి ఘంటసాల కట్టినవీ కలిసి ఆ సినిమాకి సంగీతమయ్యాయి. వాళ్ళు తమ కాలపు వాద్యాలతో, తమకి తెలిసిన రాగాల్లో కట్టారు. పింగళి నాగేంద్రరావు అయితే నిఘంటువుల్లో లేని మాటలే పుట్టించాడు. అయినా మనకి ద్వాపరమంటే ఆ సినిమాయే. పాతదనానికి వాళ్ళు పూత పుయ్యలేదు, నమ్మకం పోశారు.

అన్నట్టు, ఇక్కడికి దగ్గర్లోనే మొవ్వ. క్షేత్రయ్య పదాలు 17వ శతాబ్దానివి. ఇవాళ వాటిని పాడే అమ్మాయిని ఎవరూ రెట్రో అనరు. కూచిపూడిలో పళ్ళెం అంచుమీద నిలబడి తరంగం ఆడే పిల్లనీ అనరు. ఒకరి నోటినుంచి ఒకరి నోటికి, ఒకరి కాలినుంచి ఒకరి కాలికి ఆ దారం తెగకుండా వచ్చింది. తెగని దారానికి ముడి అక్కర్లేదు. గ్రామఫోనూ, రేడియో ముందు కూర్చున్న సాయంత్రాలూ తెగిపోయాయి. తెగినచోట ఎవరో ఒకరు ముడెయ్యాలి, ముడేస్తే చేతికి తగలకుండా ఉండదు. ఈ కుర్రాళ్ళు చేస్తున్నది ఆ పని కాబోలునని కొంచెం మెత్తబడ్డాను కూడా.

సరిగ్గా అప్పుడే మా వదినగారు వంటింట్లోంచి వచ్చారు. మావారి అక్కగారు. నాగాయలంక దగ్గర ఒక పల్లెలో కాపురం చేసిన మనిషి, ఇప్పుడు కొడుకు దగ్గర బందర్లోనే ఉంటున్నారు. మాటకి ముందు నవ్వే మనిషి. "ఏవిటర్రా అంత వాదన, నాకూ వినిపించండి" అని కూర్చున్నారు. ఆవిడకి డిప్పలు గిట్టవని వాడు పైకే పెట్టాడు. పడవ పాట. మొదట్లో తలాడించారు. కాసేపటికి తల ఆగిపోయింది.

"పాట బాగుంది నాయనా. ఆ కింద గరగర తీసెయ్" అన్నారు.

"అందం కోసం పెట్టాను మామ్మగారూ."

"అందవా?" అని ఒక్కసారి వాడి మొహంలోకి చూసి, పాలు పొంగిపోతాయంటూ లేచి వెళ్ళిపోయారు. పొయ్యి మీద పాలు లేవు. నాకు తెలుసు.

వాడికి తెలియదు, చెప్పేవాళ్ళెవరూ లేక. అది 1977 నవంబరు 19. పొద్దుటినించీ గాలి. చీకటి పడే వేళకి ఇంటి కప్పు లేచిపోతుందేమోనన్నంత గాలి. మా అన్నయ్యగారు, అంటే ఆవిడ భర్త, ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని ముల్లు అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నారట. బెజవాడ రేడియోవాళ్ళు ఏం చెబుతున్నారో, అసలు చెబుతున్నారో లేదో, వినిపించింది గరగర ఒక్కటే. చంకలో పిల్లతో ఆవిడ, మంచం మీద అత్తగారు, ముగ్గురూ ఆ గరగరలోంచి ఒక్క మాట ఊడిపడుతుందేమోనని ఊపిరి బిగబట్టి వింటూ కూర్చున్నారు. మాట రాలేదు. నీళ్ళొచ్చాయి. అయిదు మీటర్ల ఎత్తున వచ్చిన ఆ ఉప్పెన పదివేల పైచిలుకు ప్రాణాలు తీసుకుందని లెక్కలు చెబుతాయి. మా వదినగారి లెక్కలో ఇద్దరు. అత్తగారూ, మూడేళ్ళ పిల్లా.

ఇది నేను వాడికి మేడమీదికి తీసుకెళ్ళి చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

ఇక్కడే నాకు ఎటూ తేలని ప్రశ్న ఒకటి పట్టుకుంది. ఒకరికి తీపైన చప్పుడు ఇంకొకరికి పిడుగు కావచ్చు. గుడివాడ రైలు కూత వింటే నాకు పుట్టింటి ప్రయాణం గుర్తొస్తుంది. ఆ కూతే ఇంకెవరికో కొడుకును దూరదేశం పంపిన రాత్రి కావచ్చు. ప్రతి చప్పుడు వెనకా ఎవరి గాయముందో విచారించి పాట కట్టాలంటే ఎవరూ ఏ పాటా కట్టలేరు. అంత భారం కళాకారుడి నెత్తిన పెట్టటం న్యాయం కాదు, నేను పెట్టను. అయితే గెడ చప్పుడు వాడు వెతికి పట్టుకున్నాడు. నాగాయలంక రేవులో ఒక పూటంతా కూర్చుని విని, దాని కొలత తెలుసుకుని, పాటలోంచి ఒక గొంతును దానికి ఒదిలాడు. గరగర మాత్రం దుకాణంలో దొరికింది, తెచ్చి అతికించాడు. వాడికి అది వట్టి పాతదనపు రంగు. ఎవరింట్లో మోగిందో, ఏ వేళ మోగిందో వాడు అడగలేదు, అమ్మినవాడు చెప్పలేదు.

ఇంతదాకా చిలకలపూడి గొలుసని సరిపెట్టుకున్నాను కదా, అది పూర్తిగా కుదరదనిపించింది. చిలకలపూడి గొలుసు ఎవరిదీ కాదు, దుకాణంలో పుట్టి మన మెడలోకి వచ్చింది. పాతకాలం అలాంటిది కాదు. అది అరువు నగ. పెళ్ళికి వెళ్ళాలని పక్కింటావిడ పచ్చల పతకం అడిగి తెచ్చుకుంటామా, అప్పుడు ఎవరిదో మనకి తెలుసు, ఎలా వాళ్ళ ఇంటికొచ్చిందో కూడా ఒకటికి రెండుసార్లు చెప్పించుకుని మరీ పెట్టుకుంటాం. రాయి ఊడకుండా తిరిగి ఇచ్చే బాధ్యత కూడా మనదే. సొంత నగకన్నా దాన్నే జాగ్రత్తగా చూసుకుంటాం. పెట్టుకోవటం తప్పని ఎవరన్నారు?

మర్నాడు పొద్దున వాడే ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. పెరట్లో ముగ్గుపిండి చల్లార్చుకుంటున్నారు ఆవిడ. "ఆ చప్పుడు తీసేస్తాను మామ్మగారూ, నాకు తెలియలేదు" అన్నాడు. ఆవిడ నొచ్చుకున్నట్టే లేరు.

"నేను వద్దన్నానని లోకంలో రేడియోలు గరగరలాడటం మానేస్తాయా ఏవిటి నాయనా! నీ ఆటలో తుఫాను రాత్రి ఉందా?"

"లేదండీ."

"మరి లేనప్పుడెందుకూ? ఉంటే పెట్టు. అప్పుడు పెట్టకపోతే నేనే అడుగుతాను. ఊరికే పెట్టకు."

పెద్ద పెద్ద పుస్తకాలు చదివినవాళ్ళు ఈ విషయంలో ఏం తేల్చారో నాకు తెలియదు గానీ, ఆ 'ఊరికే' అన్న మాటని నేను మళ్ళీ మళ్ళీ తిప్పి చూసుకుంటున్నాను. చప్పుడు మీద ఆవిడకి కోపం లేదు. తన రాత్రిని దాచెయ్యమనీ అనలేదు. దాని చోటు దానికివ్వమంది. ఆటలో తుఫాను పెట్టాలా వద్దా అని వాడిప్పుడు తన జట్టువాళ్ళతో తర్జనభర్జన పడుతున్నాడు. పిల్లలు ఆడుకునే ఆటలో అంత దుఃఖమా అని వాళ్ళంటున్నారట. 1977 లేకుండా 1970ల దివిసీమ ఎలా అవుతుందని వీడి పట్టు. వాళ్ళదీ కొట్టిపారెయ్యాల్సిన మాట కాదు. గేదె కోసం బయల్దేరిన పిల్లని ఉప్పెనలోకి ఎలా తోస్తాం? ఏం చేస్తారో చూడాలి.

ఈలోగా ప్రతి ఆదివారం ఫోను. దుకాణంలో చప్పుళ్ళు కొనటం మానేశాడు. మమ్మల్ని అడుగుతున్నాడు. మీ ఊళ్ళో పొద్దున్నే మొదట వినిపించేదేవిటి? కాలవకి నీళ్ళొదిలినప్పుడు ఎలా ఉండేది? కళ్ళంలో ఎడ్లని తోలుతూ ఏమని అదిలించేవారు? వదినగారు నోటితోనే ఆ అదిలింపులన్నీ చేసి వినిపిస్తున్నారు, వాడు పట్టుకుంటున్నాడు. ఆవిడలో ఇంత నాటకం ఉందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. పోయిన వారం అడిగింది ధాన్యం మిల్లు కూత గురించి. అది తెల్లవారి అయిదున్నరకి కూసేదని నేనంటాను. ఆరింటికని ఆవిడ. మీ బందరు మిల్లు సంగతి నాకెందుకు, మా మిల్లు ఆరింటికే కూసేది, అప్పటికి నేను రెండు గేదెల పాలు పితికేసేదాన్ని అని ఆవిడ పట్టు. రెండు కూతలూ పెట్టమన్నాను. "గొంతులు అయిదే ఉన్నాయి చిన్నమ్మమ్మా, ఏదో ఒకటి తేల్చండి" అంటున్నాడు.